మోటారు సైకిలుపై ముల్లు, దీపము: ఒక పరిశీలన

గోదావరికి వరద వచ్చిన దినములలో అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో ఇద్దరు ఎదురుపడినచో మొదట వచ్చు ప్రశ్న "ధవళేశ్వరము దగ్గర ఎన్ని అడుగులున్నదట?" అనునది. అచ్చట నీటిమట్టము 11.75 అడుగులకు చేరినపుడు మొదటి ప్రమాద హెచ్చరికను, 13.75 అడుగులకు రెండవదానిని, 17.75 అడుగులకు మూడవదానిని అధికారులు ప్రకటింతురు. ఆ ప్రకటన కొద్ది నిమిషములలో ఊరూర తెలియును. అయినను లంకలోని రైతు దానితో ఊరుకొనడు. రెండవ హెచ్చరిక అమలులో నున్నదన్న వార్త నీరు 14 అడుగుల వద్ద నున్నపుడు ఎంత నిజమో, 17.5 అడుగుల వద్ద నున్నపుడును అంతే నిజము. పశువులను గట్టు మీదికి తోలుటకు, అరటిగెలలను ముందుగా నరికి పడవ కెక్కించుటకు ఎంత వ్యవధి ఉన్నదో ఆ వార్త చెప్పదు. అందుచేత అతడు అడుగుల లెక్క అడుగును. గంటకు ఎంత పెరుగుచున్నదో అడుగును. ఎగువన భద్రాచలములో తగ్గుముఖము పట్టినదా అని అడుగును. అదియు చాలక తన దొడ్డిలో నీటి అంచున పుల్ల గుచ్చి చూచుకొనును. 2022 జూలైలో భద్రాచలమున నీరు 71 అడుగులు దాటినపుడు కోనసీమ లంకలలో ప్రజలు హెచ్చరికలను వినుచునే ఈ లెక్కలను కూడ వేసికొనిరి.

హెచ్చరిక వేరు, కొలత వేరు. ఈ భేదమే ఇటీవలి మోటారు సైకిళ్ల హ్యాండిలు నడుమ కూడ కనబడుచున్నది. అచ్చట ఒకప్పుడు ముల్లు తిరుగు మీటరు ఉన్న చోట నేడు చిన్న ఎలక్ట్రానికు దీపము వెలుగుచున్నది. ఈ మార్పు అభివృద్ధియే అని తయారుచేయువారు చెప్పుదురు. కొంతవరకు అది నిజము. ఎంతవరకు అనునదే విచారింపవలసిన విషయము.

కోనసీమ రోడ్లపై నలభై, ఏబది సంవత్సరముల నాటి బుల్లెటు బండ్లు ఇంకను అక్కడక్కడ తిరుగుచున్నవి. మద్రాసులో 1955లో స్థాపింపబడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ చేసిన బండ్లలో హెడ్‌లైటు పై మూతలో వేగమీటరుతో పాటు ఒక చిన్న ఆమ్మీటరు ఉండెడిది. దాని నడుమ సున్న, ఒక ప్రక్క కూడిక గుర్తు, రెండవ ప్రక్క తీసివేత గుర్తు. బ్యాటరీలోనికి విద్యుత్తు పోవుచున్నపుడు ముల్లు కూడిక వైపు, బ్యాటరీ నుండి ఖర్చగుచున్నపుడు తీసివేత వైపు వంగును. రాత్రివేళ లైటు వేయగానే ముల్లు తీసివేతలోనికి జారును. ఇంజను వేగము హెచ్చించినచో మెల్లగా సున్నను దాటి కూడికకు వచ్చును. చదువురాని వాడు కూడ రెండు రోజులలో ఈ భాషను నేర్చుకొనును. ముల్లు ఎంత వేగమిచ్చినను సున్నను దాటకున్నచో డైనమోలోనో, వైర్లలోనో లోపమున్నదని అతనికి తెలియును. అది తెలియునప్పటికి బ్యాటరీలో ఇంకను శక్తి మిగిలియుండును. ఈ చివరి మాట ముఖ్యము. లోపము పుట్టిన నాటికిని బండి ఆగిపోవు నాటికిని మధ్యనున్న వ్యవధిని ముల్లు అతని చేతిలో పెట్టుచున్నది.

ఆ బండ్లలో పెట్రోలు మీటరు లేదు. టాంకు మూత తీసి చూచుట, బండిని అటునిటు ఊపి చప్పుడు వినుట, ఇవియే కొలతలు. పెట్రోలు తగ్గి ఇంజను తడబడగానే చేయి క్రిందికి చాచి కుళాయిని రిజర్వు వైపు త్రిప్పుదురు. "బండి రిజర్వులో పడినది" అను మాట ఆంధ్రదేశములో సామెత వలె వ్యాపించినది. రిజర్వు కుళాయి కూడ ఒక విధమైన హెచ్చరికయే. దీపము లేని హెచ్చరిక.

ఇదే కంపెనీ వారి 500 సి.సి. క్లాసిక్ బండి 2009లో ఇంధన ఇంజెక్షను పద్ధతితో వచ్చినది. దానిలో ఆమ్మీటరు లేదు, రిజర్వు కుళాయి లేదు, పెట్రోలు మీటరును లేదు. వాని బదులు పెట్రోలు తగ్గినదని ఒక దీపము, ఇంజనులో దోషమున్నదని మరియొక దీపము ఏర్పరచిరి. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజి 6 నియమములు అమలులోనికి వచ్చిన పిమ్మట ఇంజను దోషదీపము క్రొత్త మోటారు సైకిళ్లన్నిటి ముఖమునను సామాన్యమైనది.

ఈ పద్ధతి క్రొత్తది కాదు. అమెరికాలో హడ్సన్ మోటారు కంపెనీ 1930లలోనే తన కార్లలో నూనె ఒత్తిడి మీటరును, ఆమ్మీటరును తొలగించి దీపములను పెట్టినది. మోటారు ప్రియులు వానిని తెలివిమాలినవాని దీపములని ఎగతాళి చేసిరి. ఆ ఎగతాళి ఇప్పటికిని వాడుకలో నున్నది. కాని అది న్యాయమైన విమర్శ కాదు. ఆ దీపముల వెనుక నున్న ఉపాయము భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు తరగతిలో చెప్పదగినంత అందమైనది. డైనమోకును బ్యాటరీకిని మధ్య ఒక చిన్న బల్బు కలుపుదురు. ఇంజను ఆగియున్నపుడు బ్యాటరీ వోల్టేజి హెచ్చు, డైనమో వోల్టేజి సున్న; కావున బల్బు వెలుగును. డైనమో వేగము నందుకొని రెండు వోల్టేజిలు సమానమైనపుడు బల్బు రెండు కొనల మధ్య భేదము లేదు, ప్రవాహము లేదు, దీపము ఆరును. ఇంతకంటె తక్కువ ఖర్చుతో చేయదగిన పరికరము ఊహించుట కష్టము.

దీపమునకు మరికొన్ని సుగుణములు కలవు. కోనసీమలో రోడ్లలో చాల భాగము కాలువగట్ల మీదనే నడచును. ఒక ప్రక్క నీరు, ఒక ప్రక్క కొబ్బరితోట. ఎదుట గేదెలు, ధాన్యపు ట్రాక్టరు, కొబ్బరికాయల బస్తాలు కట్టిన మోపెడు. నడుపువాడు ముల్లును చదువుటకు కన్ను దించుట క్షేమము కాదు. చీకటిలో ఎఱ్ఱని దీపము వెలిగినచో అది తానే కంట పడును. ఒంటి సిలిండరు ఇంజను అదురునకు ముల్లు నిలకడగా నిలువదు. వానకాలములో మీటరు అద్దము లోపల ఆవిరి పట్టి అంకెలు కనబడవు. మరియొక లోపము ఆమ్మీటరు స్వభావములోనే ఉన్నది. దానిని విద్యుత్ మార్గములో శ్రేణిలో కలుపవలెను. అనగా బ్యాటరీ నుండి వచ్చిపోవు ప్రవాహము ఆ చిన్న మీటరు గుండా నడువవలెను. సముద్రపు గాలి సోకి దాని టెర్మినలుకు చిలుము పట్టినచో మీటరే బండిని చీకటిలో నిలుపును. కొలుచుటకు పెట్టినదే అడ్డుపడుట విచిత్రము గాని, అట్లు జరుగును. వోల్టేజిని చూచు ఎలక్ట్రానికు దీపమును సమాంతరముగా కలుపుదురు. అది చెడినను బండి నడచును.

ఇంత మేలున్నపుడు విమర్శకు తావెక్కడ? దీపము పలుకు మాట ఒక్కటే: ఔను, లేక కాదు. సమాచార శాస్త్రములో దీనిని ఒక బిట్టు అందురు. ముల్లు తిరుగు పలకపై ఎనిమిది స్థానములను గుర్తింపగలిగినచో అది మూడు బిట్ల సమాచారము. అంతేకాదు; ముల్లు నిన్న ఎచ్చట నున్నదో, నేడు ఎచ్చట నున్నదో చూచి, రేపు ఎచ్చట నుండునో ఊహింపవచ్చును. దీపమునకు నిన్న లేదు.

పెట్రోలు దీపమునే తీసికొన్నచో ఈ సంగతి తేటపడును. పలు బండ్లలో దీనికి థర్మిస్టరు అను చిన్న పూస వంటి వస్తువును వాడుదురు. ఉష్ణోగ్రత పెరిగినకొలది దీని విద్యుత్ నిరోధము తగ్గును. టాంకు అడుగున కొంత ఎత్తులో దీనిని అమర్చి స్వల్ప ప్రవాహమును పంపుదురు. పెట్రోలులో మునిగియున్నంత సేపు పెట్రోలు దాని వేడిని లాగికొనును, నిరోధము హెచ్చుగా నుండును, దీపము వెలుగదు. పెట్రోలు దిగజారి పూస గాలిలోనికి తేలగానే వేడెక్కును, నిరోధము పడిపోవును, దీపము వెలుగును. కదులు భాగము ఒక్కటియు లేదు. గోతుల రోడ్డులో పెట్రోలు ఎగిసిపడి పూస ఒక క్షణము తేలినను, వేడెక్కుటకు కొంత సమయము పట్టును గనుక దీపము తొందరపడి వెలుగదు. తేలెడి బంతి గల మీటరు ముల్లు అదే రోడ్డులో ఉయ్యాల ఊగును; బండిని ప్రక్కస్టాండుపై ఒరగబెట్టినచో తప్పు చూపును. పరికరముగా చూచినచో థర్మిస్టరుదే పైచేయి.

కాని అది వెలిగిన పిమ్మట ఏమి చెప్పును? వెలుగుసరికి టాంకులో రెండున్నర లీటర్లు మిగిలినవనియు, లీటరుకు 36 కిలోమీటర్లు నడచుననియు అనుకొన్నచో ఇంకను 90 కిలోమీటర్లు పోవచ్చును. 80 కిలోమీటర్లు నడచిన పిమ్మటను దీపము అంతే ఎఱ్ఱగా, అంతే నిశ్చలముగా వెలుగుచుండును. వెలుగుటకు పూర్వమైనను అంతే: నిండు టాంకుకును మూడు లీటర్లకును దానికి భేదము లేదు. సఖినేటిపల్లి రేవులో బండిని పంటి ఎక్కించి వశిష్ఠను దాటి నరసాపురము పోవువాడు, తిరిగి రాత్రికి రాజోలు చేరవలసినవాడు, బయలుదేరుటకు ముందే లెక్క వేసికొనవలెను. వరదలో లంక దారి కాజువే మునిగి చుట్టు తిరిగి పోవలసి వచ్చినచో లెక్క మారును. బంకులన్నియు రాత్రి తెరచియుండవు. అర్ధరాత్రి లంక అంచు గ్రామము నుండి రోగిని అమలాపురము ఆసుపత్రికి వెనుక కూర్చుండబెట్టుకొని పోవువానికి కావలసినది "తక్కువైనది" అను మాట కాదు. ఎంత ఉన్నది అనునది.

పూర్వపు కార్బురేటరు బండిలో పెట్రోలు పూర్తిగా అయిపోయినను యంత్రమునకు కలుగు హాని స్వల్పము. ఇంజెక్షను బండిలో టాంకు లోపలనే ఒక విద్యుత్ పంపు ఉండును. దానిని చల్లపరచునది, దాని భాగములకు కందెన వలె ఉపకరించునది చుట్టునున్న పెట్రోలే. మాటిమాటికి టాంకును అడుగంట నడిపినచో పంపు వేడెక్కి త్వరగా అరుగును. అనగా కొలత అవసరము హెచ్చిన కాలముననే కొలతను తీసివేసిరి. రిజర్వు కుళాయి కూడ ఈ పంపు మూలముననే పోయినది. ఆ పోయినదాని స్థానమును ఒక్క దీపము నింపజాలదు.

బ్యాటరీ విషయములో మరికొంత సూక్ష్మముగా చూడవలెను. పన్నెండు వోల్టుల సీసపు బ్యాటరీలో ఆరు అరలు ఉండును. నిండుగా నుండి విశ్రాంతిలో నున్నపుడు దాని వోల్టేజి 12.6 నుండి 12.7 వరకు ఉండును. 12కు దిగినచో శక్తి చాల వరకు ఖర్చయినదని అర్థము. ఇంజను నడచుచుండగా 13.5, 14.5ల మధ్య నుండవలెను. అతి స్వల్పమైన ఈ భేదములలోనే బ్యాటరీ ఆరోగ్యమంతయు ఇమిడియున్నది. జీనరు డయోడు అను భాగము ఒక స్థిరమైన వోల్టేజిని పట్టి నిలుపును. బ్యాటరీ వోల్టేజిలో ఒక నిర్ణీత భాగమును కంపరేటరు అను చిప్పు దానితో పోల్చి, తక్కువైనచో ఎఱ్ఱదీపమును వెలిగించును. ఎలక్ట్రానికులు నేర్చిన విద్యార్థి ఒక సాయంకాలములో దీనిని అమర్చగలడు.

కష్టము హద్దును నిర్ణయించుటలో వచ్చును. హద్దును 12.5 వద్ద పెట్టినచో, కూడలి వద్ద బండి నెమ్మదించినప్పుడెల్ల దీపము మిణుకుమనును. 2017 ఏప్రిల్ నుండి క్రొత్త బండ్లలో హెడ్‌లైటు పగలు కూడ వెలుగుచునే ఉండవలెనను నియమముండుటచే నెమ్మది వేగములో వోల్టేజి తగ్గుట మరింత సహజము. సెల్ఫు స్టార్టరు నొక్కగానే వోల్టేజి ఒక్కసారిగా పడిపోవును, అప్పుడును వెలుగును. ఊరక వెలుగు దీపమును నాలుగు రోజులు చూచినవాడు అయిదవ రోజున చూడడు. పోనీ, హద్దును 11.5 వద్ద పెట్టినచో దీపము వెలుగునప్పటికి స్టార్టరు తిరుగుటకు శక్తి యుండదు. అప్పుడు దీపము చెప్పనక్కరలేదు, బండియే చెప్పును. ముల్లునకు ఈ చిక్కు లేదు. హద్దు ఎచ్చట నున్నదో నిర్ణయించువాడు చూచువాడే.

ఇంకొక దిక్కున కూడ ప్రమాదమున్నది. రెగ్యులేటరు చెడినచో వోల్టేజి 15ను దాటి పోవును, బ్యాటరీలోని నీరు ఆవిరియై పోవును, బల్బులు మాడును. తక్కువను మాత్రమే చూచు దీపము ఈ సమయమున నిశ్చింతగా ఆరియుండును. అన్నియు కుశలమే అనునట్లుండును. దీపపు మౌనమునకు ఉన్న దోషము ఇదే. ఆరియున్న దీపమునకు మూడు అర్థములు కలవు: అంతయు బాగున్నది; లేక దీపమో దాని తీగయో చెడినది; లేక చెడినది దీపము చూడని వైపున నున్నది. ఎల్.ఇ.డి. రెసిను పోతలో భద్రముగా నుండును గాని దానికి పోవు తీగ కొనకు ఉప్పుగాలిలో చిలుము పట్టకుండునా? ముల్లు ఎల్లప్పుడు కొంత కదలుచునే ఉండును గనుక చచ్చిన ముల్లు తానే బయటపడును. ఈ కారణము చేతనే తాళము త్రిప్పగానే హెచ్చరిక దీపములు ఒకసారి వెలిగి ఆరు ఏర్పాటు చేయుదురు. ఆ ఒక్క క్షణము చూడనివాడు ఆ పిమ్మట దీపమును నమ్మరాదు. ఇండ్లలో చేసికొను సర్క్యూట్లలో ఈ ఏర్పాటును తరచుగా విడిచిపెట్టుట పెద్ద లోపము. ఒకే దీపము ఆకుపచ్చ నుండి పసుపుకు, పసుపు నుండి ఎఱుపునకు మారునట్లు చేయుట మరియొక లోపము. ఎఱుపు, ఆకుపచ్చలను వేరుపరచి చూడలేని పురుషులు ప్రతి ఊరను కొందరుందురు. రంగుతో పాటు స్థానము కూడ మారవలెను. ఇది ఖర్చుతో కూడిన పని కాదు.

అన్ని మీటర్లను నిలుపవలెననియు కాదు. గేరు న్యూట్రలులో నున్నదా లేదా అనుటకు దీపమే తగినది. ఆ ప్రశ్నకు సగము జవాబు లేదు. నూనె ఒత్తిడి పడిపోయినచో చేయవలసిన పని ఒక్కటే, ఇంజనును వెంటనే ఆపుట. దానికిని దీపమే మేలు. కదలుచున్న బండిపై ఆ ముల్లును చదివి ఆలోచించుటకు వ్యవధి ఎక్కడిది? కాని పెట్రోలు, బ్యాటరీ అట్టివి కావు. అవి మెల్లగా తరుగును. వాని విషయములో నడుపువాడు ముందుగా నిర్ణయింపవలసినవి పలు ఉన్నవి: ఎచ్చట ఆగవలెను, ఏ దారిన పోవలెను, ఈ రాత్రి పోవలెనా, రేపటికి వాయిదా వేయవలెనా. మెల్లగా తరుగు వస్తువునకు ఒకే హద్దు వద్ద కేకవేయు కావలివానిని పెట్టి, కొలబద్దను తీసివేయుట తప్పు. ఖర్చు తగ్గించుటే ఉద్దేశమైనచో మూడు హద్దుల వద్ద మూడు దీపములు పెట్టినను చాలును. ధవళేశ్వరములో మూడు హెచ్చరికలున్నట్లే అది ముతక కొలబద్ద అగును. పది దీపములను వరుసగా వెలిగించు చిప్పులు ఎంతో కాలముగా లభించుచున్నవి.

పాఠశాలలో దీనిని పరీక్షించుట కష్టము కాదు. వోల్టేజిని మార్చదగిన సరఫరాకు కంపరేటరు దీపమును కలిపి, మెల్లగా తగ్గించుచు ఎంత వద్ద వెలిగినదో, తిరిగి పెంచుచు ఎంత వద్ద ఆరినదో వ్రాసికొనవలెను. మంచి సర్క్యూటులో ఈ రెండు అంకెలు ఒకటి కావు. దీపము హద్దు వద్ద మిణుకుమిణుకు మనకుండుటకై వాని మధ్య కొంత ఎడమును కావలెననియే ఉంచుదురు. ఆ ఎడములో వోల్టేజి ఉన్నంత సేపు దీపము వెలిగియున్నను, ఆరియున్నను దానిని తప్పనుటకు వీలులేదు.

తయారీదారులకును ఈ సంగతి కొంతవరకు తెలిసినట్లే ఉన్నది. 2021లో మార్పులతో వచ్చిన క్లాసిక్ 350 బండిలో వేగమీటరు క్రింద చిన్న ఎల్.సి.డి. పలకపై పెట్రోలు మట్టము గీతలుగా కనబడును. తరిగినకొలది గీతలు ఒక్కొక్కటిగా పోవును. ముల్లు కాకున్నను ఇది కొలతయే. ఆమ్మీటరు మాత్రము తిరిగి రాలేదు. బ్యాటరీని తెలిసికొనదలచినవాడు మల్టీమీటరును బ్యాటరీ కొనల వద్ద పెట్టి, ఇంజను ఆగియుండగా ఒకసారి, నడచుచుండగా ఒకసారి చూడవలెను. అమలాపురములోను, రావులపాలెములోను మెకానిక్కుల వద్ద ఆ మీటరు ఉండును. బండి యజమాని వారి వద్దకు పోవునది సాధారణముగా బండి ఆగిపోయిన తరువాతనే.